మా కొట్టులో అమెరికా ప్రభుత్వం

ట్యూషన్ మాస్టారితో ఫీజు దగ్గర బేరం తెగక, అమెరికా ప్రభుత్వం గురించిన పాఠం మా అమ్మాయికి నేనే చెప్పేశాను. నాకు ఆ దేశం గురించి ఏమీ తెలియకపోవడం పెద్ద అడ్డు కాలేదు.

మలేషియాలోని ఇపోలో మాది బట్టల కొట్టు. అమ్మాయి ఇక్కడి కాలేజీలోనే అమెరికా డిగ్రీకి చదువుతోంది. ఈ పాఠం మీద పెట్టే మౌఖిక పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది. దాని పుస్తకం ఒకసారి తిరగేసి, కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

“తగ్గింపు ఎంతో మీ నానమ్మ, ఇద్దరత్తలూ సెప్తారు. అది కాంగ్రెస్. అమలు సేసేది నేను, అంటే అధ్యక్షురాలిని. గొడవొస్తే, అది కొట్టు పెట్టిననాటి నియమాలకి సరిపడతాదో లేదో మీ తాత తేలుస్తాడు. అది కోర్టు.”

“మరి ఈ మూడింటిలో బాస్ ఎవులమ్మా?”

“ఎవులూ కాదే. ఒక్కరే బాసయితే కొట్టు మునిగిపోద్ది.”

పరీక్ష రోజు తల్లిదండ్రులనూ వెనక కూర్చోనిచ్చారు. “కాంగ్రెస్ పంపిన బిల్లును అధ్యక్షుడు తిప్పి పంపితే?” అని మేడమ్ అడిగారు. అది నేను చెప్పనేలేదు.

అమ్మాయి నావైపు చూసి చిన్నగా నవ్వింది. “రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది పట్టుబడితే, ఆయన వద్దన్నా చట్టమవుతుంది మేడమ్. మా అమ్మ కాదన్న తగ్గింపుని నానమ్మ, ఇద్దరత్తలూ కలిసి ఇప్పించేసినట్టే.”

హాలంతా నావైపు తిరిగి నవ్వింది. నేను ఓడిపోయిన బేరాలను కూడా ఈ పిల్ల గమనిస్తోందని అప్పుడే తెలిసింది. క్లాసులో మొదటి మార్కు మా అమ్మాయిదే.

ఆ సాయంత్రం కొట్టుకొచ్చిన వాళ్లందరికీ అడిగిన ధరకే చీరలిచ్చేశాను. లెక్క చూసుకుంటే, ఒక్క చీర మీద కూడా లాభం లేదు.