ప్లగ్గులు తెల్లబడిన వేసవి

మొన్న ఒంగోలు నుంచి వస్తుంటే మా కారులో ఎర్ర లైటు వెలిగింది. ఇంజను వేడెక్కిందన్న గుర్తు. మా ఆయన బండి పక్కకు తీసి ఆపీ ఆపకముందే నేను పాపను గుండెలకు అదుముకుని తలుపు తెరిచి, రోడ్డు దిగి పొలంగట్టు మీద నిలబడ్డాను. ఆయనకు ఇది కొత్తేమీ కాదు, పెళ్లయిన దగ్గర్నుంచీ నా చూపు రోడ్డు మీద కన్నా మీటర్ల మీదే ఉంటుందని వేళాకోళం చేస్తూనే ఉంటారు. బండిని సర్వీసు సెంటరుకు చేర్చాక అక్కడొకాయన కంప్యూటరు వైరు తగిలించి, నిమిషం చూసి, "మిక్స్చర్ లీన్ అయిందండి. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతోంది. చిన్న గొట్టం చిట్లింది, మార్చేస్తే సరి" అన్నాడు. మా ఆయన సరేనని టీ తాగడానికి వెళ్లారు. నేను మాత్రం పాపను ఒళ్లో పెట్టుకుని అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. ఆ మాటను నేను పన్నెండేళ్ల కిందట ఒక పుస్తకంలో చదివాను. చదివి, పైకి చదవకుండా వదిలేశాను.

ఇప్పుడు పాప పడుకుంది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట. మా తాత ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. నాన్న ఆ దూది వెంటే, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో చేరి, మోటార్లు చుట్టడం నేర్చుకుని, చివరికి సొంత షెడ్డు వేసుకుని కార్ల మెకానిక్కయ్యాడు. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎవరైనా కారు కొంటే ఇరుగుపొరుగు మొదట అడిగే మాట లీటరుకు ఎంత ఇస్తుందనే. ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా మా నాన్న చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు తెచ్చుకున్నాడు. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బురేటరులో పెట్రోలు వచ్చే ఇత్తడి జెట్ ఒకటి ఉంటుంది, దాని రంధ్రం సూదిమొన అంత. నాన్న మోటారు చుట్టే రాగితీగలోంచి వెంట్రుకలాంటి పోగొకటి తీసి ఆ రంధ్రంలో పెట్టేవాడు. పెట్రోలు ఆ మేరకు తగ్గి, బండి లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ నడిచేది. పని అయ్యాక స్క్రూ తల మీద ఎర్ర రంగు చుక్క పెట్టేవాడు. నాన్న చుక్క పెట్టిన కార్బురేటరును షెడ్డులో ఇంకెవరూ విప్పకూడదు. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, కానీ దాన్ని దాటినవాళ్లు లేరు.

అన్నయ్య నాకన్నా ఆరేళ్లు పెద్ద. మద్రాసులో ఒక పెద్ద వర్క్‌షాపులో రెండేళ్లు పనిచేసి, అక్కడి రేసుల పిచ్చి అంటించుకుని, ఒక వేసవిలో లారీ మీద ఒక చిన్న పాత కారును ఎక్కించుకుని ఇంటికొచ్చాడు. ఆ జూన్‌లో మద్రాసు దగ్గరి ట్రాక్ మీద జరిగే పోటీకి దాన్ని తయారుచేయాలని వాడి పట్టు. వెనక సీటు పీకేశాడు. ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డరు చేత లోపల ఇనప గొట్టాల పంజరం కట్టించాడు, తలకిందులైతే మనిషి నలిగిపోకుండా. ఆ పంజరం ఎందుకో విన్న రోజునుంచీ అమ్మ అన్నం సరిగా తినలేదు. ప్రతి శుక్రవారం దర్గాకు వెళ్లి ఏం మొక్కుకుంటోందో చెప్పేది కాదు. నేను మాత్రం వాడి మాటల్లోంచి ఒకటి ఏరుకుని దాచుకున్నాను. వాడితో పనిచేసిన ఒక స్నేహితుడి కారు అదే ట్రాక్ మీద దొర్లిందట, మోకాలి కింద కాలు తీసేశారట. అన్నయ్య దాన్ని వానొచ్చిందన్నంత మామూలుగా చెప్పాడు. నాకు ఆ తర్వాత పడుకుంటే ఆ కాలే కనపడేది, అది అన్నయ్య కాలిలా కనపడేది.

నేను డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లోనే ఉన్నాను. అప్పుడే మా ఊరి పక్కన కొత్త నాలుగు లైన్ల రోడ్డు వేస్తున్నారు. మార్టూరు వైపు కొంత ముక్క పూర్తయినా ఇంకా బండ్లు వదల్లేదు. నల్లగా, నున్నగా, ఖాళీగా ఉండేది. మన రైతులు ఖాళీ రోడ్డును ఎందుకు వదులుతారు? సగం వెడల్పున మిరపకాయలు ఆరబోశారు. మిగతా సగం మీద అన్నయ్య బండి నడిపి చూసుకునేవాడు. పక్క సీటులో కూర్చుని, ఇంజను వేడి చూపే మీటరు ముల్లు ఎక్కడుందో చెప్పడం నా పని. రోడ్డు మీంచి కళ్లు తిప్పలేని వేగంలో వాడు ఆ ముల్లును చూసుకోలేడు కదా.

ఊళ్లో తిరిగితే బండికి ఏ జబ్బూ లేదు. పెడలు పూర్తిగా నొక్కి రెండు మైళ్లు పోతే మాత్రం ముల్లు లేచేది. సగం దాటిందని నేను అరిచి చెప్పేదాన్ని. వాడు మాత్రం "చూస్తానే ఉండు, చూస్తానే ఉండు" అంటూ ఇంకాస్త నొక్కేవాడు. ఎర్ర గీత తగిలాక ఆపితే బానెట్టు కింద నీళ్లు కుతకుతమనే చప్పుడు. నేను దిగి దూరంగా పోయి నిలబడేదాన్ని. నాన్న, అన్నయ్య కలిసి రేడియేటరు కడిగించారు, నీళ్ల పంపు మార్చారు, ఫ్యాను పెద్దది బిగించారు. అన్నీ నీళ్ల వైపే చూశారు. ఒకరోజు అన్నయ్య ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు విప్పి చేతిలో పెట్టుకుని, ఇవేంటి నాన్నా ఇంత తెల్లగా ఉన్నాయి అన్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, "మసి లేదనిరా. మన చేతి బండికి మసి ఎందుకు పడుతుంది?" అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. ఇరవయ్యేళ్లుగా తన చేతి బండ్ల ప్లగ్గులు తెల్లగానే ఉండేవి, ఆ బండ్లన్నీ హాయిగా సంతకీ పెళ్లిళ్లకీ తిరిగేవి.

అన్నయ్య మద్రాసు నుంచి ఇంగ్లీషు పుస్తకమొకటి తెచ్చుకున్నాడు. వాడికి చదివే ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం షెడ్డులో నన్ను కూర్చోబెట్టి, ఇంజను వేడెక్కడం గురించి ఉన్న పేజీలు తెలుగులో చెప్పమన్నాడు. నేను ఒక్కొక్క కారణమే చెప్పుకుంటూ పోయాను. వాడు ఇది చూశాం, ఇదీ చూశాం అని వేళ్లు మడుస్తున్నాడు. పేజీ అడుగున చివరి కారణం ఉంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే మంట మరీ వేడిగా మండుతుందని, ప్లగ్గులు తెల్లబడతాయని, ముందు జెట్లు చూసుకోవాలని. నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని, అర్థం కావడానికి క్షణం పట్టలేదు. పైగా ఈ కారు కార్బురేటరు బిగించిన రోజు నాన్నకు రాగిపోగు అందించింది నేనే. కొడుకు మద్రాసు దాకా నడుపుకుపోవాలి కదా, పెట్రోలు కలిసొస్తుందని నాన్న ప్రేమగా పెట్టాడు. ఎక్కువ గాలి పీల్చేలా అన్నయ్య ఇంజను లోపలంతా అరగదీశాడని తెలిసీ, అలవాటు చొప్పున పెట్టేశాడు.

నేను ఆ వాక్యం చదవలేదు. ఇంతేనా అన్నాడు అన్నయ్య. ఇంతే అని పేజీ తిప్పేశాను.

ఎందుకో చెప్పడం కష్టం కాదు. జబ్బు దొరక్కపోతే బండి ట్రాక్ ఎక్కదు, బండి ఎక్కకపోతే అన్నయ్యకు రెండు కాళ్లూ ఉంటాయి. నా లెక్క అంతే. అమ్మ దర్గాలో అడిగేది నేను షెడ్డులో చేసేశాననుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది వాడి మొండితనం. వారం తర్వాత వాడు పుస్తకాన్ని మూలకు విసిరేసి, ట్రాక్ మీద పది చుట్లే కదా, ఉడికినా సరే లాగించేస్తానన్నాడు. చివరిసారిగా చూసుకుందామని ఎండ తగ్గకముందే కొత్త రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నేను రానంటే వేరేవాళ్లను తీసుకెళ్తాడని వెళ్లాను. ముల్లు సగం దాటిందన్నాను. ఎర్ర గీత తగిలిందన్నాను. ఆపరా అన్నయ్యా అని అరిచాను. వాడు ఆపలేదు. ఇంజనులో గులకరాళ్లు కొట్టుకుంటున్నట్టు చప్పుడు మొదలైంది. అది ఆగేలోపే పెద్ద శబ్దంతో నీళ్ల గొట్టం పగిలి, ఆవిరి అద్దమంతా కమ్మేసింది. ముందేమీ కనపడలేదు, తెలుపు తప్ప. అన్నయ్య బ్రేకు తొక్కాడు. బండి పక్కకు జారి మిరపకాయల మీదికి ఎక్కింది, చక్రాల కింద ఎండుకాయలు పటపట చిట్లుతున్నాయి. అప్పుడు ఆవిరి కాస్త విడిపోయి, బానెట్టుకు బారెడు దూరంలో, కాయలు తిరగేస్తూ గొంతుక్కూర్చున్న ఒక ఆడమనిషి కనపడింది. చేతిలో చెక్క పలక అలాగే పట్టుకుని మా వైపు చూస్తోంది. బండి ఆగింది.

ఆమె ఆ పలక పట్టుకునే లేచి తిట్టింది. "ఎవుర్రా మీరు? రోడ్డు మీ బాబుదా? నేను ఇంకో నాలుగు కాయలు ఇవతలగా కూచునుంటే ఏమయ్యేదిరా?" అన్నయ్య దిగి చేతులు జోడించాడు. వాడి ముంజేతి మీద ఆవిరి కొట్టి చర్మం ఎర్రగా పొంగింది. ఆమె తిట్టడం ఆపి ఆ చెయ్యి చూసి, తన కుండలో నీళ్లు తెచ్చి పోసింది. పోస్తూ కూడా తిడుతూనే ఉంది. నేను దగ్గుతున్నాను. నలిగిన మిరప ఘాటు అనుకున్నారు వాళ్లు. నేను ఏడుస్తున్నాను.

ఆమె చనిపోయి ఉంటే చంపింది నేను. అన్నయ్య కాదు, బండి కాదు. ఇంటికొచ్చేదాకా ఆ ఒక్క మాటే నా తలలో తిరిగింది.

నాన్న షెడ్డులో ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లాను. "నాన్నా, ఆ పుస్తకంలో ఇంకో కారణం ఉంది" అన్నాను. పేజీ తీసి చెప్పాను. ప్లగ్గులు తెల్లబడటం గురించి చెప్పేటప్పుడు నాన్న ముఖంలోకి చూడలేకపోయాను. నాన్న కార్బురేటరు దించి, ఎర్ర చుక్కను గోటితో గీకి, స్క్రూ విప్పి, ఆ రాగిపోగును పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత డ్రాయరులోంచి ఇంకా పెద్ద రంధ్రమున్న జెట్ వెతికి బిగించాడు. లీటరుకు ఎంత అని జీవితమంతా లెక్కపెట్టిన మనిషి ఆ పని చేస్తూ, నాతో అన్నాడో తనతో అనుకున్నాడో, "తాగితే తాగనీ. మనిషి ఇంటికి రావాలి గదా" అన్నాడు.

అన్నయ్యను పిలిచి, తప్పు నాదేరా, తీగ సంగతి మర్చిపోయానన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎంత నొక్కినా ముల్లు సగం దాటలేదు, ప్లగ్గులు వేయించిన జీడిపప్పు రంగుకు తిరిగాయి. అన్నయ్య జూన్‌లో వెళ్లాడు. ఆ పోటీ రోజు అమ్మా నేనూ ఎస్టీడీ బూత్‌లో పగలంతా కూర్చున్నాం, వాడు ఫోను చేసేదాకా. ఎనిమిదో వాడిగా వచ్చాడు, రెండు కాళ్లతో వచ్చాడు. ఇంకో రెండు పోటీల్లో దిగి, పెళ్లి కుదిరాక మానేశాడు.

ఇప్పుడా రోడ్డు మీద టోలు గేట్లు, ఎటు చూసినా లారీలు. మిరపకాయలు ఆరబోసే చోటే లేదు. ఆమె కూర్చున్న చోటు ఎక్కడో వెతికితే దొరకదు. కార్బురేటర్లు పాత ఇనుములోకి పోయాయి, బండికి ఏమైందో బండే తెరమీద చెప్పుకుంటోంది, ఎవరూ నోరు విప్పక్కర్లేదు. పాప పుట్టాక నాకు ఒకటి మాత్రం అర్థమైంది. మనవాళ్లు క్షేమంగా ఉండాలన్న భయం ఎంత పెద్దదైతే, అది ఎదుటివాళ్ల ప్రాణాన్ని అంత సులువుగా మరిచిపోతుంది. అందుకే ఇప్పుడు పాప చెంప కాస్త వేడిగా తగిలినా, పాలు సరిగా తాగకపోయినా, మనసులో దాచుకోకుండా మా ఆయనకు చెప్పేస్తాను. ఆయన నవ్వినా చెప్తాను.

నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆ రోజు పుస్తకంలో ఆ పేజీ వెతుక్కోకుండా ఒక్కసారిగా తీశానని నాన్న గమనించే ఉంటాడు. ఎప్పట్నుంచి తెలుసమ్మా అని అడిగితే చెప్పడానికి ఎన్నేళ్లు సిద్ధంగా ఉన్నానో. నాన్న అడగలేదు. ఇక అడిగేవాళ్లు లేరు.