గోడ మీద నీలిగీత

ఏళ్ల కిందట మా అక్కతో నేను తీసిన వీడియో నిన్న సాయంత్రం నాకే ఫార్వర్డ్ అయి వచ్చింది. పంపినాయన మిల్లులో నాతో కలిసి పనిచేసినవాడే. అది తీసింది నేనని ఆయనకు తెలియదు. మధ్యలో ఎవరో దానికి డప్పుల మోత కలిపి, కింద ‘జాగ్రత్త, అందరికీ పంపండి’ అని రాశారు. బయట ముసురు వదలడం లేదు. ఆ వీడియోను ఎవరూ చూడకూడదని నా కోరిక. కానీ ఒకసారి ఊళ్లోకి పోయిన వీడియోను వెనక్కి పిలిచే ఉపాయం నాకు ఎవరూ నేర్పలేదు.

సారపాక కాగితం మిల్లులో అట్ట మందం, బరువు, తడి కొలవడం నా ఉద్యోగం. కొలిచింది రాయాలి, రాసింది మళ్లీ సరిచూసుకోవాలి. ఇంటికొచ్చాక అదే చేత్తో డైరీ. రిటైరయ్యాక కొలవడానికేమీ మిగల్లేదు. వంటింట్లో పప్పు డబ్బాల మీద కొన్న తేదీలు రాసి అంటించడం మొదలుపెట్టేసరికి మా ఆవిడకు ఓపిక నశించింది. “గా వంతెన దాటి పోయి ఏమన్న నేర్చుకోరాదుండ్రి” అంది. అలా గోదావరికి అవతల భద్రాచలంలోని ఒక ఫొటో స్టూడియో మెట్లెక్కాను. వాళ్లది తాత కాలం నుంచి దుకాణాల బోర్డులు రాసిన ముస్లిం కుటుంబం. తండ్రి పెళ్లి ఫొటోలకు మారాడు. కూతురు హైదరాబాద్‌లో డిజైన్ చదివొచ్చి పోస్టర్లు, వీడియోలు చేసేది. నన్ను మొదటి రోజే చాచా అంది. కాబట్టి ఫీజు అడగడంలో తప్ప మరే విషయంలోనూ తను మొహమాటపడలేదు.

మొదటి పాఠంగా గోదావరిని ఫొటోలో తీసుకురమ్మంది. తీసుకెళ్లాను. నది, పడవలు, అవతలి గుట్టలు, మబ్బులు, ఒడ్డున మేక, అన్నీ ఒక్క ఫ్రేములోనే ఇరికించాను.

“ఇండ్ల నేనేం జూడాలె చాచా?”

“గోదావరి.”

“అవ్, గోదావరి సరే. మేకెందుకున్నది?”

“అక్కడ ఉన్నది గనక.”

“ఉన్నయన్నీ పెడితే పంచనామా అయితది చాచా, బొమ్మ కాదు.”

ఆ రోజు డైరీలో ఆ మాటొక్కటే రాసుకున్నాను. కన్ను ముందు వెలుగు ఉన్న చోటికి పోతుందని, మనిషి ముఖం ఉంటే ఇంకేదీ చూడదని, ఒక షాట్‌ను ఎక్కడ తెంచామన్నదే దానికి అర్థమని ఆ అమ్మాయి చెబుతుంటే, అరవై దాటాక నాకు కొత్తగా కళ్లొచ్చినట్టుండేది. మందుల దుకాణం బోర్డు ముందు కూడా ఆగి, ఆ పచ్చరంగు ఎందుకో ఆలోచించేవాణ్ని. మా ఆవిడ రెండడుగులు ముందుకు పోయి, వెనక్కి తిరిగి కేకేసేది.

ఆ ఏడే పెద్ద వరద వచ్చింది. మా అక్కది నది పక్కన పల్లపు కాలనీలో ఇల్లు. బావ పోయాక ఒక్కతే కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. నీళ్లు గడప దాటినా కదల్లేదు. చివరికి పడవలో ఎక్కించి, బడిలో పెట్టిన శిబిరానికి చేర్చారు. కాలనీలో చాలామందిదీ ఇదే తంతు. మళ్లీసారి ముందే కదిలేలా ఏదైనా చేసిపెట్టమని కాలనీ పెద్దలు అడిగారు. నేనూ స్టూడియో అమ్మాయీ కూర్చుని ఆలోచించాం. నీళ్లు దిగాక అక్క ఇంటి గోడ మీద బురద చార మిగిలింది. నడుం కంటే కాస్త పైన. అక్కను దాని పక్కన నిలబెట్టి, చెయ్యి చార మీద పెట్టించి, “నీళ్లు ఇక్కడిదాంక వచ్చినయ్” అని చెప్పించాం. ఒక్క షాట్, ఒక్క మాట. మేక లేదు. ఆ తర్వాత కాలనీ ఇళ్లన్నిటి మీదా ఆ ఎత్తులోనే నీలిగీత గీయించాం. రంగు ఆ అమ్మాయి ఎంచింది, ఎత్తు నేను టేపు పెట్టి కొలిచాను. చూసినవాళ్లంతా గీత చక్కగా వచ్చిందన్నారు. గీత చూసి ఎవరూ భయపడలేదన్నది అప్పుడు మాకు తట్టలేదు.

మరుసటి వానాకాలం గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిసి అక్కకు ఫోన్ చేశాను.

“ఇంట్లనే ఉన్న. ఏమైంది?”

“ఇంకా ఇంట్లనేనా? రెండో హెచ్చరిక ఇచ్చిండ్రు!”

“ఇస్తే ఇయ్యనియ్. నువ్వు గీత గీస్తివి గద. దానికి జానెడు పైన చెక్క పలకలు కొట్టించిన. మిషన్, బియ్యం డబ్బా, టీవీ అన్నీ మీదనే ఉన్నయ్. నేనూ ఎక్కి కూసుంట. వాడకట్టంత గట్లనే జేసిండ్రు. గింత మంచి ఉపాయం జెప్తివి, ఇప్పుడు నువ్వే పరేషాన్ అయితవేందిరా?”

పారిపొమ్మని గీసిన గీత, ఉండిపొమ్మని చెబుతోంది. వంతెన మూసేసేలోపే ఆటో పట్టుకుని అవతలికి పోయాను. కింద గోదావరి ఎర్రగా, చప్పుడు లేకుండా, రోడ్డుకు దగ్గరగా పోతోంది. కాలనీ సందులో నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. అక్క పలకల మీద కాళ్లు మడుచుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“దిగక్కా, పోదాం.”

“ఏడికి? గా బడిల జనం నడుమ పండుకోవాలెనా? ఇక్కడిదాంకనే వస్తయని నీ వీడియోలనే జెప్పిన గదరా. ఊరంత జూసింది.”

“అది పోయిన ఏటి మాట!”

“నీళ్లు ఏటికో తీరు వస్తయా ఏంది?”

వాదించి లాభం లేదు. ఆ గీత ఎంత స్పష్టంగా ఉందంటే దాని ముందు నా గొంతు ఎవరికీ వినపడదు. వంగి గడప దగ్గరి బురద రెండు చేతులా తీసి గోడకు పులిమాను. నీలిరంగు కనపడకుండా ఆ చివర నుంచి ఈ చివర దాకా.

“అరె! సున్నమేసిన గోడరా! పిస లేసిందా నీకు?”

పులుముతూనే ఉన్నాను. గీత మొత్తం పోయింది. అక్క తుంచడం ఆపింది. ఖాళీ గోడను కింది నుంచి పై దాకా, అక్కణ్నుంచి పైకప్పు రేకుల దాకా చూసింది.

“మరి ఎందాంక వస్తయిరా?” అంది మెల్లగా.

“నాకు తెల్వదక్కా.”

అక్క చిక్కుళ్లు కొంగులో పోసుకుని దిగింది. తాళం వేస్తూనే పక్కింటామెను పిలిచి, “వదినా, నడువు. మా తమ్మునికే తెల్వదంట” అంది. ఆ మాట ఇల్లిల్లూ దాటి సందు చివరి దాకా పోయింది. నా సినిమా చేయలేని పని అది చేసింది.

ఆ ఏడు నీళ్లు మోకాలెత్తు దాటలేదు. గోడకు మళ్లీ సున్నం వేయించేదాకా అక్క నన్ను వదల్లేదు. స్టూడియో అమ్మాయి ఇదంతా విని, ఆ వీడియో మళ్లీ పెట్టి చూసింది. “చాచా, మనం నీళ్లను జూపెట్టినం. మనిషి ఇల్లు విడిచి పోవుడు జూపెట్టలే” అంది చివరికి. ఇద్దరం కలిసి గీతలన్నీ తుడిపించాం. సందు మొదట్లో ఒక బొమ్మ వేయించాం. తాళం వేసి నడిచిపోతున్న ఆడమనిషి, వెనక నుంచి. కాళ్ల కింద పొడి నేల. నీళ్లు ఎక్కడా లేవు. అది చూసి జనం ముందే కదులుతున్నారో, పెద్ద వరద గుర్తుండి కదులుతున్నారో నేను కచ్చితంగా చెప్పలేను.

ఈ పొద్దున అక్క ఫోన్ చేసి, “ఈ ఏడు ఎట్లుంటదంటవ్ తమ్ముడూ?” అని అడిగింది. డైరీలన్నీ అలమరలో వరుసగా ఉన్నాయి, ఏ ఏడు ఎంత నీరొచ్చిందో అడిగితే చెప్పగలను. కానీ నాకు తెలిసిన ఏళ్లన్నీ గడిచిపోయినవే.