ఆయన కారు ఎన్నడూ ఆగలేదు

మా మేనమామ కోటేశ్వరరావుగారు మొన్న కన్నుమూశారు. పర్చూరు నుంచి గుంటూరు దాకా మిరప వ్యాపారంలో ఆయన్ను ఎరగనివారు తక్కువ. ఈ దుర్వార్త నాకు ఎవరూ మోసుకురాలేదు. ఆయన ప్రాణం పోయింది నా కారులోనే. ఆ దిగ్భ్రాంతి నుంచి నేనింకా తేరుకోలేదు. కోపం నుంచి అసలే తేరుకోలేదు.

మిరప యార్డులో ఆయన నిష్ఠ చూసి తీరవలసిందే. బస్తా పైనున్న ఎర్రటి కాయకు ఏనాడూ మురిసిపోలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున కాయ తీసి, విరిచి వాసన చూసేవారు. "ఒరేయ్, పైకాయ చూసి ధర చెప్పేవాడు యాపారానికి పనికిరాడు" అని నాకు నేర్పిందీ ఆయనే.

అంతటి పరీక్షాదక్షుడు కార్ల విషయంలో మాత్రం ఒక్క కాయ చూసి సరుకంతటికీ తీర్పు చెప్పేశారు. ఆ కాయ తొంభైల చివర్లో కొన్న ఆయన సొంత కారు. నల్లరేగడి బురదలో తిరిగినా దారిలో ఆగి ఎరగదు. "నా బండి నన్నెప్పుడన్నా నడిదారిలో దింపిందా? కొంటే ఆ కంపెనీదే కొనండి" అని కనబడినవారికల్లా ఉద్బోధించారు. చుట్టాల్లో చాలామంది కొన్నారు. నేనూ కొన్నాను. నాది ఏడాది తిరక్కుండానే మొరాయించింది. ఆ మాట చెబితే "నీకు బండి చూసుకోవడం రాదురా" అని కొట్టిపారేశారు.

మొన్న ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. అడిగినవారికి లేదనలేని ఉదారుడు, తన కారును పొన్నూరులో ఎవరి పెళ్లికో పంపి ఉన్నారు. నా కారులోనే గుంటూరు ఆసుపత్రికి బయల్దేరాం. యడ్లపాడు దాటాక ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా తాళానికి పలకలేదు. అత్తయ్య దిగి, ఏడుస్తూ లారీలకు చేతులూపుతోంది. మామయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"సర్వీసు చేయించలేదు కదరా?"

"పోయిన వారమే చేయించాను మామయ్యా."

"మరెందుకు ఆగుద్ది? మంచి కంపెనీరా అది."

అవే ఆఖరి మాటలు. లారీ ఆగేసరికి ఆయన లేరు.

అంతటి ఆప్తుడు, అంతటి దాత మా చుట్టాల్లో మళ్లీ పుట్టడు. ఆ పాదాలకు నమస్కరిస్తున్నాను. కానీ ఆ మొండితనాన్ని క్షమించడం నా వల్ల కావడం లేదు.

మర్నాడు పొన్నూరు నుంచి ఆయన కారు వచ్చింది. పాడె కట్టడానికి వాకిట్లో చోటు చాలకపోతే, దాన్ని పక్కకు తీయడానికి నేనే తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

శవం పక్కన కూర్చున్న అత్తయ్య ఆ చప్పుడు విని రెండు చెవులూ మూసుకుంది.

"ఆపెయ్‌రా, నీకు దణ్ణం పెడతా, ఆపెయ్" అంది.

నలుగురం కలిసి ఆ కారును తోసుకుంటూ బయట పెట్టాం.