ఓమా పెట్టెలో మాచిపత్రి

మా ఓమా పోయింది. పోయిన మంగళవారం పొద్దున పాపను స్కూల్లో దింపి బస్సు కోసం నిలబడి ఉంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయిందని, బాధపడలేదని నర్సు చెప్పింది. దగ్గరి వాళ్ళెవరూ లేని మనిషి, అందుకని ఆమె కాగితాల్లో మా నంబరే ఇచ్చుకుంది. సరే అన్నాను, థాంక్స్ అన్నాను. బస్సు వచ్చినా ఎక్కకుండా ఇంటికి నడిచాను. ఇంట్లోకి రాగానే కుర్చీ వేసుకుని అల్మారా పైన చెయ్యి పెట్టి చూశాను. ఎండిన ఆకుల కట్ట ఉంది. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

ఓమా అంటే ఇక్కడి జర్మన్ భాషలో అమ్మమ్మ అయినా, నానమ్మ అయినా. నిజానికి ఆమె మా ఇంటి ఓనరు. పాడర్‌బోర్న్‌లో మేం అద్దెకుండే ఇంటికి కింది అంతస్తు ఆమెది, పైది మాది. పాప అలా పిలవడం మొదలుపెడితే మాకూ అదే అలవాటైంది. మహా స్ట్రిక్టు. ఆదివారం వాషింగ్ మెషీన్ తిప్పితే కింద నుంచి చీపురు కర్రతో సీలింగు మీద కొట్టేది. చారు పోపు వాసన తగిలితే మాత్రం గిన్నె పట్టుకుని తనే పైకి వచ్చేది. అద్దె ఒక్క రోజు ఆలస్యమైతే అడిగే మనిషే, చారుకి మొహమాటం లేదు.

మేం దిగిన ఏడాది ఆగస్టు పదిహేనున ఆమె చర్చికి బయలుదేరుతూ మెట్ల దగ్గర ఎదురైంది. చేతిలో పెద్ద ఆకుల కట్ట. మధ్యలో పొడుగాటి పసుపు పూల కాడ, చుట్టూ రకరకాల ఆకులు. నాకు గుప్పున మాచిపత్రి వాసన కొట్టింది. ఈ దేశంలో మాచిపత్రి ఏమిటని కట్టలోకి ముక్కు పెట్టేశాను. ఇది మేం వినాయక చవితికి దేవుడికి పెడతామని, నాకొచ్చిన నాలుగు ముక్కల జర్మన్‌లో చెప్పాను. ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసి, చెప్పులేసుకుని పాపను తీసుకుని రమ్మంది.

మా వీధి చివర ఉన్నది చిన్న చర్చి. ఆ రోజు మేరీమాత పండగ, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇలాంటి కట్టలు తెచ్చి ఫాదరుతో నీళ్ళు చల్లించుకుంటారు. తర్వాత ఏడాది పొడుగునా గుమ్మం మీద వేలాడదీస్తారు. ఇదంతా ఎందుకో చెప్పడానికి ఓమా నన్ను ముందు వరసకి తీసుకెళ్ళి పైనున్న పాత పెయింటింగు చూపించింది. మూడొందల ఏళ్ళ నాటిదట. సగం చీకటి, సగం బంగారం. కింద ఒక రాతి పెట్టె, మూత తీసి ఉంది. చుట్టూ గడ్డాల మగవాళ్ళు చేతులు పైకెత్తి ఆశ్చర్యపోతున్నారు. పైన మబ్బుల్లో నీలం వస్త్రం కప్పుకున్న తల్లి, ఆమెను మోస్తూ బొద్దుగా రెక్కల పిల్లలు. పెట్టెలో తెల్లబట్ట, గులాబీలు, లిల్లీలు, ఆకులు.

నేను దణ్ణం పెట్టి, అమ్మవారు పూలలోంచి వెలిసిందా అని అడిగాను. ఓమా నవ్వాపుకోలేక బెంచీ పట్టుకుంది. రావడం కాదట, పోవడమట. మేరీమాత చనిపోయాక శిష్యులు సమాధి తెరిస్తే శరీరం లేదు, పూలూ మందాకులూ ఉన్నాయని వాళ్ళ కథ. నీలం ఆకాశానికి గుర్తు, లిల్లీ పవిత్రతకి, మందాకులు ఆ తల్లి దయకి. మబ్బుల్లో చలికి ఆ పిల్లలకి బట్టలెందుకు లేవని పాప అడిగితే, తను కూడా చిన్నప్పుడు అదే అడిగి దెబ్బలు తిన్నానంది.

ఆ గుంపులో ఒక్క ముసలాయన మాత్రం పైకి చూడడు. వంగి పెట్టెలోకి చూస్తుంటాడు, వేళ్ళు ఆకుల మీద ఉంటాయి. ఓమాకి ఆయనంటే ఇష్టం.

"పైకి వెళ్ళిందో లేదో నేను చూడలేదు. కొన్నాళ్ళు నమ్ముతాను, కొన్నాళ్ళు నమ్మను. పెట్టె ఖాళీగా లేదు కదా, నాకది చాలు" అంది.

తను పోయాక తన పెట్టెలో కూడా ఆ ఏటి కట్ట పెట్టాలని, వాళ్ళమ్మకి తను అలాగే పెట్టానని చెప్పింది. తనకి పెట్టేందుకు ఎవరూ లేరన్న మాట అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది.

మూడేళ్ళ కింద మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. ఆ వారం మెట్లు కడిగే వంతు మాది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్లు తళతళలాడుతున్నాయి, ఓమా గుమ్మం మీద మేకు బోసిగా ఉంది. పూజ అయిపోయిన పత్రి ఎండిపోయి గుమ్మానికి వేలాడుతుంటే మా అత్తమ్మకి మనసొప్పలేదు. చెత్తలో వేయకుండా, పాపం, చెప్పులు విడిచి, మొక్కి మరీ పాడర్ నదిలో నిమజ్జనం చేసి వచ్చింది.

కిందికి దిగి జరిగింది చెప్పాను. ఓమా మొత్తం విని తలుపు మూసుకుంది. మర్నాడు అత్తమ్మ తనే బాల్కనీలోని కుండీలో తులసి కొమ్మ తుంచుకుని కిందికి వెళ్ళింది. వెనక నేను.

"తెల్వక చేసిన అక్కా. మా దిక్కు పానం పోయేటప్పుడు నోట్ల తులసి పెడ్తం. ఇది నువ్వు ఉంచుకో" అంది. నేను తర్జుమా చేశాను.

ఓమా కొమ్మను వాసన చూసి, "అయితే ఆగస్టు దాకా నేను చావడానికి వీల్లేదు" అంది. చావుకి కూడా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, పెట్టుకున్న మనిషి.

హాస్యానికి అన్నదనుకున్నాం. ఆ ఏడే మే నెలలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో పడింది. మేం వెళ్ళిన ప్రతిసారీ, కట్ట లేదు, ఇప్పుడు కాదు అని మొండిగా గొణిగేది. డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం భయమేసింది. ఎలాగో బయటపడింది. ఆ ఆగస్టు నుంచి ఆమె కట్టలో తులసి కూడా చేరింది. చర్చి నుంచి రాగానే దాన్ని మా అల్మారా పైన పెట్టమని నా చేతికిచ్చి, మీ అత్తగారు మళ్ళీ వస్తే ముందే చెప్పు, దాచుకుందాం అనేది.

మొన్న ఆగస్టులో ఆమె నడవలేకపోయింది. నేనూ పాపా పొలాల గట్ల వెంట తిరిగి ఆకులు ఏరుకొచ్చాం. ఓమా కుర్చీలో కూర్చుని ఇది కాదు, అది లోపలికి, ఇది బయటికి అని మమ్మల్ని సతాయించింది. కట్టాక తులసి తనే గుచ్చింది.

శుక్రవారం అంత్యక్రియల వాళ్ళ గదిలో ఆమెను చూడనిచ్చారు. నీలం స్వెట్టరు, దువ్విన జుట్టు. చేతుల కింద కట్ట పెడుతుంటే నాలుగు ఆకులు రాలాయి. అత్తమ్మ పొద్దున ఫోన్ చేసి, "నోట్ల తులసి పెట్టిన్రా బిడ్డా?" అని ఒకటే అడిగింది. ఆసుపత్రిలో ఎవరూ పెట్టలేదని, కట్టలో మాత్రం ఓమాయే తులసి గుచ్చి పెట్టుకుందని చెప్పాను. అవతల అత్తమ్మ ఏడుపు వినిపించింది.

పాపను తీసుకురావాలా వద్దా అని మా ఆయనా నేనూ చాలా తర్జనభర్జన పడ్డాం. వచ్చింది. మునివేళ్ళ మీద నిలబడి, వంగి పెట్టెలోకే చూసింది, ఆ ముసలాయనలాగే. ఏడవలేదు. ఆ గది మనిషి తలవంచి మూత వేశాడు. పాప నా చెయ్యి లాగి, జర్మన్‌లో, గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు లోపల పూలే ఉన్నాయా?"

కట్ట వాసన అంటిన నా వేళ్ళు దాని ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చుకుంది.