సబ్బవరంలో పడిన ఉల్క

ఆ రోజుల్లో ద్వారకా నగర్‌లో కోచింగ్‌కి వెళ్ళే నాకు, ప్రపంచంలో నేను తప్ప మిగతా అందరూ మోసపోవడానికే పుట్టారని గట్టి నమ్మకం. ఫోన్‌లోకి ఏ ఫొటో వచ్చినా వేళ్ళతో పెద్దది చేసి, అబద్ధం ఎక్కడుందో పట్టుకుంటే తప్ప అన్నం సహించేది కాదు. (ఫిజిక్స్‌లో మార్కుల సంగతి మాత్రం అడక్కండి.)

మేం కంచరపాలెంలో ఉండేవాళ్ళం. సబ్బవరం కొత్త కాలనీలో ఉండే మా పెద్దమ్మకీ, అమ్మకీ మాటల్లేవు. పెద్దమ్మ కూతురి పెళ్ళిలో చర్చి మెట్ల మీద కుటుంబమంతా ఫొటో తీయించుకుంటుంటే, వెనక బిర్యానీ గిన్నెల దగ్గరున్న అమ్మను ఎవరూ పిలవలేదు. అంతే, అక్కాచెల్లెళ్ళు మూతులు ముడుచుకున్నారు. అయినా రోజూ పొద్దున్నే కుటుంబం గ్రూపులో పెద్దమ్మ గులాబీల బొమ్మ మీద ఒక బైబిల్ వాక్యం పెట్టేది; అమ్మ దాని కింద 'ఆమెన్' అని కొట్టేది. వాళ్ళ మధ్య మిగిలిన పలకరింపు అదొక్కటే.

ఒకరోజు వాక్యం రాలేదు. ఎవరో పంపిన ఫొటో మాత్రం వచ్చింది: సబ్బవరంలో ఉల్క పడిందట, పొలంలో మేస్తున్న ఆవు పక్కనే నిప్పుల ముద్ద నేలను తాకుతోంది. అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. నేను రెచ్చిపోయాను. "పచ్చి అబద్ధమమ్మా! రెప్పపాటులో పడేదానికి కెమెరా పట్టుకుని ఎవడు కాసుక్కూర్చున్నాడు? ఆవు నీడ సూడు, మంటవైపే పడింది. ఆవుని సూడు, పక్కన నిప్పు పడతన్నా మేత మానలేదు!" అమ్మ నా ఉపన్యాసమంతా విని, "ఫొటో అబద్ధమేరా బాబూ. అప్ప వాక్యం ఎట్టలేదు కదా, అదీ అబద్ధమేనేటి?" అంది. నేను గ్రూపంతా పైకీ కిందకీ జరిపి చూశాను; వాక్యం నిజంగానే లేదు.

అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేసింది.

"అప్పా, బాగున్నావా? మీ కాడ రాయి పడిందంట!"

"ఏ రాయే? నా ఫోన్లో నెట్ అయిపోనాది, అంతే. ఏటే, ఏడుత్తన్నావా?"

"లేదు. రేపొచ్చి ఆ రాయి సూత్తాను."

పెద్దమ్మ, "రా. సేపల పులుసు సేత్తాను" అంది.

మర్నాడు బండి మీద అమ్మను తీసుకెళ్ళాను. గేటు దగ్గరే పెద్దమ్మ, "రాయి సూడ్డానికొచ్చావా?" అంది. "అవునప్పా" అంది అమ్మ. భోజనాలయ్యాక ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటి వెనక ఖాళీ స్థలాలన్నీ తిరిగారు, తుప్పల్లోకి వంగి వంగి చూశారు. పెళ్ళి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. బయల్దేరబోతుంటే పెద్దమ్మ, "ఆ పక్క ఇంకా సూడనేలేదు కదే" అంది. "ఆదోరం ప్రార్థనయ్యాక వచ్చి సూత్తాన్లే" అంది అమ్మ, చాలా గంభీరంగా.

ఇప్పుడక్కడ ఖాళీ స్థలమే లేదు, అన్నీ మేడలే. అటు వెళ్ళినప్పుడల్లా ఆ ఆదివారాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అప్పటి నాలోని ఆ కుర్ర మేధావి మీద కాస్త ముద్దు కూడా వస్తుంది. ఎందుకంటే వాళ్ళిద్దరి వెనకాలే, చేత్తో పుల్ల పట్టుకుని, వాడూ వెతికాడు.