దింపుడు కళ్ళం ఏ పటంలోనూ లేదు

పోయిన మంగళవారం పొద్దున్నే మా పక్కింటి సోషల్ టీచరుగారు పోయారు. పాలావిడ ఎంత పిలిచినా పలక్కపోయేసరికి నన్ను కేకేసింది. వెళ్ళి చూస్తే పడక్కుర్చీలోనే ఉన్నారు, కళ్ళజోడు పెట్టుకునే. ఒళ్ళో ఎప్పుడూ ఉండే ఊరి పటం మాత్రం లేదు. ఉండి ఉంటే బాగుండునని ఎందుకో అనిపించింది.

రాజమండ్రి ఇన్నీసుపేటలో గోడకి అటు ఆవిడ, ఇటు నేను ఇరవయ్యేళ్ళు బతికాం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక నా ఇంట్లో మాటే లేదు. రిటైరయ్యాక ఆవిడకి ఒకటే పిచ్చి, ఊరి పాత పటాలు. చిత్తుకాగితాల కొట్లలో, పాత లాడ్జీల బీరువాల్లో వెతికి మరీ తెచ్చేవారు. గుడ్డ అంటించినవీ, చెదలు తిన్నవీ, ముందుగదంతా అవే.

"ఇన్ని కాగితాలున్నాయి, ఒక్కటైనా కూరకి పనికొస్తుందాండీ?" అని వెక్కిరించేదాన్ని.

"నేను పోయాక పొయ్యిలోకి పనికొస్తాయిలే" అనేవారు. ఆ మాట ఇప్పుడు గుచ్చుకుంటోంది.

మీరు నవ్వుతారేమో గానీ, ఆవిడ పటాల్ని పక్కకి తిప్పి తగిలించేవారు. అక్షరాలన్నీ అడ్డం పడిపోయేవి. గోదావరి మాత్రం అట్టడుగున ఉండాల్సిందే. ఉత్తరం పైకి ఉండాలి కదండీ అన్నాను ఒకసారి.

"బళ్ళో నేనూ అదే చెప్పానమ్మా. కానీ మనం గోదాట్లోకి దిగుతామా, ఎక్కుతామా?"

మధ్యాహ్నాలు నన్ను కూర్చోబెట్టి, వేలితో పేటంతా నడిపించేవారు. ఇక్కడ గానుగాడేది. ఇది జట్కాలు ఆగే సందు. ఇదిగో కుళాయి, దీని దగ్గర జరగని తగువు లేదు. పటంలో ఉన్నవి ఉత్త గీతలే. ఆవిడ చెబుతుంటే మనుషులు కనబడేవారు. ఆవిడే లేకపోతే నా మధ్యాహ్నాలు ఎలా గడిచేవో నాకు తెలియదు.

ఓరోజు ఆ వేలు ఒక మలుపు దగ్గర ఆగింది. "దీన్ని ఏ పటంలోనూ రాయలేదు చూశావా?"

"ఏంటండీ అది?"

"మన పేట దింపుడు కళ్ళం."

శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట పాడె దింపుతారు. అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలో మిగిలుంటే లేస్తారని ఆశ. మా పేటవాళ్ళని తరతరాలుగా ఆ మలుపులో, రాతి అరుగు పక్కనే దింపేవారు. మా ఆయన్నీ అక్కడే దింపారు.

పుష్కరాల ముందు రోడ్డు వెడల్పు చేశారు. అరుగు పోయింది, మలుపు పోయింది, పాతవాళ్ళు తలో దిక్కుకీ వెళ్ళిపోయారు. కొత్త పటం ఒకటి తెచ్చుకుని, పాతదాని పక్కన పెట్టి ఆవిడ చాలాసేపు చూశారు.

"మరి నన్నెక్కడ దింపుతారమ్మా?" అన్నారు. ఆ గొంతులో భయం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. "చోటు దొరికినా, నన్ను పిలిచేవాళ్ళెవరున్నారు?"

"చాల్లెండి అపశకునం మాటలు! నేను లేనూ?" అని కసిరాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

మంగళవారం శవాల వ్యాన్ వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు నలుగురు వచ్చి సాయం పట్టారు. వాళ్ళ వెనకే నేనూ ఎక్కుతుంటే, "ఆడవాళ్ళు రాకూడదండీ" అన్నాడు ఒకాయన.

"మరి పిలిచేదెవరు, నువ్వా?" అన్నాను. పక్కకి జరిగి చోటిచ్చాడు పాపం.

కిటికీలోంచి చూస్తే ఏ ఆనవాలూ లేదు. అన్నీ సెల్‌ఫోన్ల కొట్లే. కళ్ళు మూసుకుని టీచరుగారి వేలి వెంట నడిచాను. గానుగ, జట్కాల సందు, కుళాయి.

"ఇక్కడ ఆపు నాయనా."

"నడిరోడ్డండీ ఇది. ఇక్కడెలా ఆపుతామండీ?" అన్నాడు డ్రైవరు.

"ఆపమంటున్నానా!"

ఆపాడు. డివైడరు పక్కన ఆవిడని దింపారు. తారు కాలుతోంది. చెవి దగ్గరికి వంగాను. ఇన్నేళ్ళలో ఆవిడని పేరు పెట్టి పిలిచి ఎరగను.

"టీచరుగారూ" అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి గోడ మీంచి కేకేసినట్టు గట్టిగా పిలిచి, జవాబు కోసం ఆగాను. వెనక బస్సులు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. నేను ఇంకా చెవి ఒగ్గే ఉన్నాను.