లూర్దమ్మ కడుపునొప్పి

లూర్దమ్మ మనస్సాక్షి మహా మెత్తనిది. ఆమె మాటకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగదు. హిందూపురంలో ఒక చిన్న బడిలో ఆయాగా పనిచేసే లూర్దమ్మ, ఏ చిక్కు వచ్చినా కళ్ళు మూసుకుని దాన్నే అడిగేది. ఏది సులువో అదే జవాబు వచ్చేది. "మనస్సాక్షి దేవుని గొంతే, కానీ దానికీ చదువు చెప్పించాలమ్మా" అని గుడిలో ఫాదర్ అన్నప్పుడు, ఆ మాట పక్క బెంచీవాళ్ళకు చెబుతున్నాడనుకుంది.

తొంభై ఎనిమిదిలో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం పక్కింటి కుళ్ళాయమ్మ గోడమీదుగా కేకేసింది.

"లూర్దక్కా, అల్లుడొచ్చినాడు, కోడి కోస్తిమి. రాగిముద్ద చేస్తాండా, వచ్చేయ్!"

లూర్దమ్మ చిక్కులో పడింది. తపస్సు కాలంలో శుక్రవారం నీచు ముట్టకూడదు. చిన్నప్పటినుంచీ ముట్టలేదు. అట్లని రానంటే? ఆ వీధికి కొత్తగా వచ్చినప్పుడు, ఆమె కులం తెలిసి దూరం నుంచి దోసిట్లో నీళ్ళు పోసినవాళ్ళే అందరూ. లోపలికి పిలిచి కంచం పెట్టింది కుళ్ళాయమ్మ ఒక్కతే. ఆ ఇంటి కూడు వద్దంటే ఆ మనసు విరిగిపోదూ? ఆ స్నేహం పోతే ఆ వీధిలో లూర్దమ్మకు ఇంకెవరున్నారు?

మనస్సాక్షిని అడిగింది. అది వెంటనే సలహా ఇచ్చింది.

"కడుపునొప్పి కుళ్ళాయమ్మా!" అని పొట్ట పట్టుకుంది.

కోడి తప్పింది గానీ కుళ్ళాయమ్మ తప్పలేదు. అల్లుణ్ణి విస్తరి ముందరే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వాము నమిలించింది. బొడ్డు చుట్టూ ఆముదం రాసింది. తగ్గిందంటే తినడానికి పిలుస్తుందేమోనని లూర్దమ్మ ఇంకాస్త మూలిగింది. దాంతో ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తీయడం మొదలైంది. మెడలో జపమాలతో దిష్టి తీయించుకుంటున్న లూర్దమ్మ, గోడమీది మరియతల్లి పటం వైపు చూడలేకపోయింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆమె పని.

ఆఖరికి కుళ్ళాయమ్మ చేతులు జోడించింది.

"కదిరి నరసింహసామీ, మా అక్క గట్టెక్కితే కాలినడకన నీ గుడికి..."

మోకాళ్ళ నొప్పులతో వీధి చివరి దాకా నడవలేని మనిషి! లూర్దమ్మ దిగ్గున లేచి ఆమె నోరు మూసింది.

"మొక్కొద్దే! నాకు ఏ నొప్పీ లేదు. ఈ శుక్రవారాలు మేం నీచు తినం. చెప్తే నొచ్చుకుంటావని..."

కుళ్ళాయమ్మ ఆ చేయి తోసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒక్కపొద్దు అని ఒక్క మాట చెప్తే చాలదా అక్కా? రేపు శనివారం నాకూ ఒక్కపొద్దే. అందుకే కదా ఈ పొద్దే కోడి కోస్తిమి. నీకు దేవుడుంటే నాకు లేడా? ఆ మాత్రం నాకు తెలీదనుకుంటివా?"

లూర్దమ్మ సిగ్గుతో ఏడ్చేసింది. కుళ్ళాయమ్మ ఇంటికి పోయి, ముద్దా చింతాకు పప్పూ తెచ్చి, కోపంగానే ఎదురుగా కూర్చుని తినిపించింది.

ఆదివారం గుడిలో, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో లూర్దమ్మ అంతా చెప్పుకుంది.

"అబద్ధమాడినందుకేనా తల్లీ ఈ ఏడుపు?" అడిగాడు ఫాదర్.

"అబద్ధం కూడా ఉండాది ఫాదర్. అది చిన్నది. వీధంతా నన్ను తక్కువగా చూస్తే కుమిలిపోతిని. నాకు కంచం పెట్టిన ఒక్క మనిషిని నేను తక్కువగా చూస్తిని."